నిప్పు లేని పొయ్యి

మేళ్లచెరువు దాటి సున్నపురాతి గనుల వైపు వెళ్లే దారిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉండేది. దాని కాలనీలో పెళ్లికాని ఇంజనీర్లకు ఒక మెస్సు, ఆ మెస్సుకు యోహాను వంటవాడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం గనుల దాకా వినిపించేది. పప్పు ఒకనాడు పలచన, ఒకనాడు ముద్ద. చారులో ఉప్పు అతని దయ. అయినా అతన్ని ఎవరూ తీసెయ్యలేదు. అన్నం పెడుతూ నవ్వించేవాడు. రోజంతా దుమ్ములో నిలబడి వచ్చిన కుర్ర ఇంజనీర్లకు కూరకంటే అదే ఎక్కువ అవసరమనిపించేది.

నవ్వించడం యోహాను సరదాకు నేర్చుకున్నది కాదు. అతని సొంతూరు చిట్యాల పక్కన. చిన్నప్పుడే హైవే మీది హోటల్లో ప్లేట్లు కడగడానికి చేరాడు. మాల పిల్లగాడని వంటింటి గడప తొక్కనిచ్చేవారు కాదు. ప్లేటు పగిలితే హోటలాయన చేతికందిన దానితో కొట్టేవాడు. ఒకరోజు దెబ్బ పడబోతుంటే యోహాను భయంతో గుడ్లు తేలేసి నాలుక బయటపెట్టాడు. లారీ డ్రైవర్లు పగలబడి నవ్వారు. హోటలాయనా నవ్వాడు. ఎత్తిన చెయ్యి అలాగే దిగిపోయింది. ఆ తర్వాత యోహాను ఒక్కో విద్యా పోగుచేసుకుంటూ పోయాడు. కాగితం ముక్క కాల్చి సీసాలో వేసి, ఉడికించి ఒలిచిన గుడ్డును దాని మూతి మీద పెడితే గుడ్డు లోపలికి జారిపోతుంది. నిమ్మరసంలో తినే సోడా వేసి బిరడా బిగిస్తే బిరడా కప్పుకు తగులుతుంది. ఎందుకలా అవుతుందో అతనికి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. చూసినవాళ్లు నవ్వితే చాలు.

నవ్వనిది ఒక్కరే, అతని భార్య. హుజూర్‌నగర్ దగ్గరి పల్లె ఆమెది. పెళ్లప్పుడు బాప్తిస్మం ఇచ్చి మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ ఆ పేరు చర్చి గోడ దాటలేదు. అందరికీ నాగులమ్మే. మెస్సులో మసాలా నూరడం, ఉల్లిగడ్డలు కోయడం, గిన్నెలు తోమడం ఆమె పని. జీతం యోహాను ఒక్కడికే. పిల్లలు లేరు. ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు. మొగుడు బిరడా ఎగరేస్తే ఒకసారి తల ఎత్తి చూసి మళ్లీ రోలు వైపు తిరిగేది.

ఇది యోహానును లోలోపల తొలిచేది. ఊరంతా నవ్వుతుంటే ఇంటిది నవ్వకపోవడం ఏమిటని. అందుకే విద్యలు ఆమె మీదే చేయడం మొదలుపెట్టాడు. ఆమె తాగే చాయలో ఉప్పు, పిండి డబ్బాలో బతికున్న ఎండ్రకాయ. ఆమె ఉలిక్కిపడితే ఇంజనీర్లు ఇంకా గట్టిగా నవ్వేవారు. ఆమె నవ్వకపోయినా ఆమెతో నవ్వు పుట్టించవచ్చని అతనికి అలా తెలిసింది.

తొంభై ఏడులో రఘుపతి వచ్చాడు. కోస్తా నుంచి వచ్చిన ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు, మాటకారి, మెడలో ఎప్పుడూ కెమెరా. ఆఫీసులో కంప్యూటరుకు ఫోను తీగ తగిలించి, హైదరాబాద్‌కు ఎస్టీడీ కలిపి, అది కీచుకీచుమంటూ ఇంటర్నెట్ పట్టేదాకా ఓపిగ్గా కూర్చునేవాడు. అప్పట్లో అది తెలిసినవాళ్లు ఫ్యాక్టరీ మొత్తంలో ఇద్దరే. ఒకడు రఘుపతి, రెండోవాడు కార్మికుల హాజరు చూసే టైమాఫీసులో ఆపరేటర్‌గా ఉన్న బషీర్. ఈ సంగతులు చాలావరకు నాకు చెప్పింది అతనే.

ఒక ఆదివారం మధ్యాహ్నం యోహాను భోజనాల బల్ల మీద ఒక తెల్లటి ఉండను ఎగరేసి పట్టుకుంటూ కనిపించాడు.

"ఏంటోయ్ అది, రబ్బరు బంతా?" అన్నాడు రఘుపతి.

"గుడ్డే సార్. పచ్చి గుడ్డు. సిర్కాల ఏసి పెట్టిన. పెంకంత కరిగిపాయె, పైన తోలు మిగిలింది. సూడున్రి, ఎట్ల ఎగురుతాందో."

గుడ్డు బల్ల మీద పడి కొంచెం ఎగిరింది. రెండోసారి ఎగరేస్తే చిట్లి సొన అంతా ఒక ఇంజనీరు చొక్కా మీద పడింది. మెస్సు గొల్లుమంది. సిర్కా అంటే వెనిగర్, దానిలో ఆమ్లం ఉంటుంది, గుడ్డు పెంకు సున్నం, ఆమ్లం సున్నాన్ని తినేస్తుంది. రఘుపతికి ఇది తెలుసు. కానీ అతను చూస్తున్నది గుడ్డును కాదు. చేతులు చాచి, నోరు తెరిచి నిలబడ్డ యోహానును.

"మళ్లీ చెయ్యి. ఫోటో తీస్తాను."

రీలు కోదాడలో కడిగించారు. ఫోటోలను ఆఫీసు స్కానరులో పెట్టి, పక్కన ఇంగ్లీషులో నాలుగు మాటలు రాసి రఘుపతి ఒక వెబ్ పేజీ తయారు చేశాడు. యోహానును కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. ఫోటో ఒక్కసారిగా రాలేదు. ముందు మెస్సు రేకులు కనిపించాయి, తర్వాత యోహాను జుట్టు, నుదురు. కళ్లు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. యోహాను కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గిది ఇప్పుడు అమెరికాల గూడ కనవడతదా సార్?"

"అమెరికా ఏంటి, కెనడా, ఆస్ట్రేలియా. ఎక్కడైనా."

"పైన ఏం రాసిన్రు?"

రఘుపతి పక్కనున్న ఇంజనీరు వైపు చూశాడు. ఆ ఇంజనీరు కిటికీ వైపు తిరిగాడు.

"యోహాను ప్రయోగశాల అని రాశానోయ్. సైంటిస్టు యోహాను."

ఆ రోజు నుంచి యోహాను నడక మారింది. చర్చిలో ప్రార్థన అయ్యాక మనుషుల్ని ఆపి చెప్పేవాడు. "అమెరికోళ్లు నన్ను సూస్తున్రు. ఉత్తరాలు రాస్తున్రు. సార్ సదివి చెప్తడు." ఉత్తరాలు నిజంగానే వచ్చేవి. ఆ పేజీ కింద చూసినవాళ్లు తమ మాట రాసిపోయే చోటు ఒకటి ఉండేది. ఎక్కడెక్కడి కాలేజీ కుర్రాళ్లో అందులో రాసేవారు. రఘుపతి వాటిని ఆదివారం భోజనాలప్పుడు తనకు తోచినట్టు తెలుగులో వినిపించేవాడు. యోహాను గరిటె పట్టుకుని నిలబడి, బడిలో మెప్పు పొందిన పిల్లవాడిలా వినేవాడు.

ఉత్తరాల్లో వాళ్లు కొత్తవి అడిగేవారు, ఇది అయ్యాక ఏమిటని. యోహాను దగ్గరున్నవి అయిపోయాయి. అప్పుడు నాగులమ్మ పనికొచ్చింది.

ఆ రోజు ఆమె పసుపు కొమ్ములు దంచుతోంది. మోచేతుల దాకా పసుపు. చేతులు కడుక్కునే తొట్టిలో యోహాను బట్టల సోడా కలిపి పెట్టాడు. పసుపుకు సోడా తగిలితే ఎర్రబడుతుంది. ఆమె చేతులు ముంచింది. తీసేసరికి చేతులు నెత్తురు రంగులో ఉన్నాయి, వేళ్ల చివర్ల నుంచి ఎర్రగా కారుతోంది. దంచేటప్పుడు రోకలి కింద వేళ్లు నలిగాయనుకుంది.

"అయ్యో నా చేతులు! ఓ అవ్వా, నా చేతులు పోయినయే!"

గోడ చాటు నుంచి కెమెరా చప్పుడయింది. ఇంజనీర్లు బయటికి వచ్చి కడుపులు పట్టుకున్నారు. యోహాను నేల మీద కూర్చుని నవ్వాడు. నాగులమ్మ చేతుల వైపు చూసింది. వాళ్ల వైపు చూసింది. చీర కొంగుతో ఒక్కో వేలూ తుడిచింది. నొప్పి లేదని, గాయం లేదని తెలిశాక కూడా సాయంత్రం దాకా వేళ్లు మడిచి మడిచి చూసుకుంది. ఆ చేతులతోనే చపాతీలు ఒత్తింది.

ఇంటికెళ్లాక ఒక్క మాట అడిగింది. "నాతోని ఎందుకు?"

"నీకేమైంది? పసుపే గదా. ఫోటోల పడ్డవ్. అమెరికోళ్లు సూస్తరు. ఎంతమంది ఆడోళ్లకు వస్తదే గా అదృష్టం?"

ఆమె లేచి పక్క పరిచింది.

పసుపు ఫోటోకు అంతకుముందు ఏ గుడ్డుకూ రానంత మెప్పు వచ్చింది. అందరూ ఆ ఆడమనిషి మళ్లీ కావాలని రాశారు. ముక్కు మూయించి ఉల్లిగడ్డ, ఆలుగడ్డ తినిపించి ఏది ఏదో చెప్పమనడం, చక్కెర అని చెప్పి పటిక నాకించడం, ఇలా సాగింది. ఆమె చేసేది. చేయకపోతే ఇంట్లో గొడవ, మెస్సులో గొడవ. చేస్తే కాసేపట్లో అయిపోయేది.

సున్నం సంగతి ఎవరో విదేశపు కుర్రాడు రాసిందే. మీ ఊళ్లో సున్నపురాయి ఉంది కదా, దాంతో ఏమీ చేయరా అని. ఆ ప్రాంతంలో సున్నపు బట్టీలకు కొదవ లేదు. కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోస్తే బుసబుసమని కాగుతుంది. యోహాను బట్టీ నుంచి గోనెసంచిలో రాళ్లు తెచ్చాడు. పాత బొచ్చెలో రాళ్లు, రాళ్ల మధ్య చిన్న గిన్నెలో నీళ్లు, నీళ్లలో గుడ్డు. రాళ్ల మీద నీళ్లు చల్లి వెనక్కి జరిగాడు. ఆవిరి లేచింది. రాళ్లు పగిలి పిండి అయ్యాయి. కాసేపటికి గుడ్డు తీసి ఒలిచి చూపించాడు. ఉడికింది.

"నిప్పు లేని పొయ్యి సార్!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీర్లు ఆ ఒక్కసారే వెక్కిరింపు లేకుండా కొట్టారని బషీర్ తర్వాత నాకు చెప్పాడు.

ఫోటోలు పెట్టారు. కానీ పసుపు చేతులకు వచ్చినన్ని నవ్వులు రాలేదు. తర్వాతి ఆదివారం రఘుపతి కొత్త మాట తెచ్చాడు.

"డబ్బాలో పెట్టి మూత బిగిస్తే మూత రాకెట్‌లా ఎగురుతుందట. ఒకాయన రాశాడు. ట్రై చేద్దామా?"

యోహాను కొంచెం ఆలోచించాడు. బట్టీ దగ్గర సున్నం తొట్టిలో కాలు జారినవాడి పాదం అతను చూశాడు. ఎర్రగా కాలిన ఆ పుండు నెలల తరబడి మానలేదు.

"జర డేంజర్ సార్ అది."

"సరే, వద్దులే. ఇక పేజీ మూసేద్దాం. జనాలకి బోర్ కొడుతోంది."

ఈ మాట యోహానుకు తగలవలసిన చోటే తగిలింది. బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చాడు. పెరట్లో బండ మీద ఇంజనీర్లు చుట్టూ నిలబడ్డారు. డబ్బాలో సున్నపు రాళ్లు వేశాడు. అప్పుడు డబ్బా ఎవరు పట్టుకోవాలన్న ప్రశ్న వచ్చింది. నేల మీద పెట్టవచ్చు. కానీ రఘుపతి కెమెరాలోంచి చూసి, నేల మీదైతే సరిగ్గా రాదన్నాడు.

"రావే ఇటు," అన్నాడు యోహాను.

నాగులమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డబ్బా చూసి ఆగింది.

"నాకు భయమైతాంది. నువ్వే పట్టుకోరాదు?"

"నేను పట్టుకుంటే ఫోటోల చెయ్యి ఎట్ల ఎత్తుత? సైంటిస్టును నేను. రెండు చేతులతోని ఎదురంగ పట్టుకో, గంతే. ఏంగాదు."

చెంబుతో నీళ్లు పోశాడు. మూత అదిమి బిగించాడు. రెండడుగులు వెనక్కి వేసి, కుడిచెయ్యి పైకెత్తి, కెమెరా వైపు పళ్లన్నీ చూపించాడు. డబ్బా వేడెక్కింది. "కాలుతాంది," అంది నాగులమ్మ. "జరసేపు!" అన్నాడు యోహాను. ఆమె డబ్బాను దించి కింద పెట్టబోయి వంగింది. మూత సరిగ్గా అప్పుడే లేచింది.

కెమెరా నొక్కడమూ అప్పుడే.

ఆమె ముఖం తెల్లబడింది. జుట్టు, కనుబొమలు, పెదవులు అన్నీ తెలుపు. ఒంటి మీద పిండి ఒలికిన మనిషిలా ఉంది. ఎవరో నవ్వారు. ఆ నవ్వు పాకింది. యోహాను కూడా నవ్వాడు. ఎదుటివాళ్లు నవ్వితే తన నోరు దానంతటదే తెరుచుకునే అలవాటు అతనిది. నాగులమ్మ అరవలేదు. రెండు అరచేతులూ కళ్లకు అదుముకుని బండ మీద కూలబడింది. ఆమె గొంతులోంచి వచ్చిన చప్పుడు విన్నాక నవ్వు ఆగింది.

ఆ తర్వాత అందరూ ఏదో ఒకటి చేశారు, అన్నీ తప్పే. యోహాను భుజం మీది తువ్వాలుతో ఆమె కళ్లు గట్టిగా రుద్దాడు. "నీళ్లు పొయ్యొద్దు, సున్నానికి నీళ్లు తగిలితే ఇంకా కాలుతుంది," అన్నాడు ఒక ఇంజనీరు. ఇంకొకడు నూనె తెమ్మన్నాడు. నూనె తెచ్చి పోశారు. రఘుపతి కెమెరాకు మూత పెట్టుకుంటూ గోడ పక్కకు జరిగాడు. అరుపులు విని టైమాఫీసు నుంచి బషీర్ పరుగెత్తి వచ్చాడు. అందర్నీ తోసి, ఆమె తలను సిమెంటు తొట్టి కుళాయి కింద పెట్టి, రెప్పలు విప్పదీసి నీళ్లు వదిలాడు. జీపు వచ్చేదాకా అలాగే పట్టుకున్నాడు. అప్పటికే చాలా ఆలస్యమైంది.

హైదరాబాద్ కంటి దవాఖానకు తీసుకెళ్లారు. దారంతా జీపు ముందు సీట్లో రఘుపతి, వెనక యోహాను ఒళ్లో నాగులమ్మ తల. సూర్యాపేట దాటాక రఘుపతి వెనక్కి తిరిగి మెల్లగా చెప్పాడు. "డాక్టరు అడిగితే ఇంటికి సున్నం వేస్తుంటే పడిందని చెప్పు. ఆఫీసు కంప్యూటరు దీనికి వాడానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది. పేజీ కూడా పోతుంది."

నాగులమ్మ మెలకువగానే ఉంది.

డాక్టరు అడిగాడు. యోహాను తడుముకోలేదు. "ఇంటికి సున్నమేస్తుంటే పడ్డది సార్. పైకి సూసుకుంట ఏసింది. చెప్తే ఇనదు."

"అవునామ్మా?" అని డాక్టరు ఆమెను అడిగాడు.

రెండు కళ్ల మీదా కట్లు. ఆమె తల మొగుడి గొంతు వచ్చిన వైపు తిరిగింది.

"ఆయన చెప్పినట్టే," అంది.

ఎడమ కన్ను దక్కింది, కొంచెం మసకగా. కుడి కన్ను పోయింది. అక్కడ రెప్ప లోపల బూడిద రంగు పొర ఒకటి మిగిలింది.

కాలనీకి తిరిగొచ్చాక బషీర్ చూడటానికి వచ్చాడు. ఆమె కంటే చిన్నవాడు, అక్కా అని పిలిచేవాడు. చాయ తాగి లేవబోతుంటే ఆమె ఆపింది.

"తమ్మీ, నీకు ఇంగ్లీషు వస్తది గదా. గా కంప్యూటర్ల మా గురించి ఏం రాసిన్రో సదివి చెప్పు."

"ఎందుకక్కా ఇప్పుడు. వదిలెయ్."

"కన్ను నాది పోయింది. ఎందుకు పోయిందో నాకు ఎరుక గావాలె."

ఆదివారం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు తీసుకెళ్లాడు. ఫోటో పైనుంచి కిందికి మెల్లగా దిగింది. పెరటి గోడ, యోహాను ఎత్తిన చెయ్యి, యోహాను పళ్లు. తర్వాత పక్కన ఒక తెల్లటి ముఖం, తెరిచిన నోరు. నాగులమ్మ ముందుకు వంగి, మిగిలిన కంటితో చూసింది.

"గిది గూడ పెట్టిండా?"

"పెట్టిండక్కా."

"కింద ఏం రాసిండు?"

బషీర్ పేజీని కిందికి జరపబోయాడు. ఆమె మళ్లీ అడిగింది.

"'ప్రయోగానికి వాడిన సామాను కొద్దిగా పాడైంది' అని రాసిండు."

"సామాను అంటే నేనే?"

"అవునక్కా."

చూసినవాళ్లు రాసిన మాటలూ చదివించుకుంది. అందరూ అది పిండే అనుకున్నారు. ఒక్కరు మాత్రం, ఆమెకు ఏమీ కాలేదు కదా అని అడిగారు. దానికి రఘుపతి జవాబు రాశాడు. ఏమీ కాలేదు, ఇప్పుడే లేచి మాకు రొట్టెలు చేస్తోంది అని. ఆ జవాబు రాసిననాడు ఆమె దవాఖాన మంచం మీద ఉంది.

"మరి మా ఆయన గురించి? సైంటిస్టు అని రాసిండంట గదా."

"లేదక్కా. పైన పేరు 'కోతి ప్రయోగశాల'. లోపల రాసింది, మా మెస్సుల ఒక మచ్చికైన కోతి ఉన్నది, గరిటె పట్టుకోను నేర్పినం, అరటిపండు అడగదు, మెచ్చుకుంటే చాలు అని."

నాగులమ్మ ఆ వాక్యాన్ని ఇంకోసారి చెప్పించుకుంది, తర్వాత ఇంకోసారి. పెదవులు కదుపుతూ నేర్చుకుంది. ఇంటికెళ్లి మొగుడికి ఏమీ చెప్పలేదు.

ఈలోగా జరిగింది తెలిసి చర్చి పాస్టరుగారు యూనియన్ వాళ్లతో మాట్లాడారు. మాట పైకి పాకింది. రఘుపతిని రాత్రికి రాత్రి వేరే రాష్ట్రంలోని యూనిట్‌కు పంపేశారు. వెళ్లేముందు అతను యోహానుకు కనిపించలేదు. ఫ్యాక్టరీ పెద్దసారు స్వయంగా వాళ్ల క్వార్టరుకు వచ్చి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. పోలీసు కేసు లేకుండా ఏదో ఒకటి తేల్చుకుపోవాలని వచ్చాడు.

"ఏం కావాలో చెప్పమ్మా. కంపెనీ చేస్తుంది."

"ఏం వద్దు సార్," అందుకున్నాడు యోహాను. "మీరు ఇంటికి రావుడే సాలు. అది అట్లనే అయితుంటది—"

"ఆయన జాగా నాకియ్యున్రి," అంది నాగులమ్మ.

"ఏ జాగా?"

"మెస్సుల వంట జాగా. జీతం నా పేరు మీద రావాలె."

"మరి ఇతను?"

"గిన్నెలు తోముతడు. నేను ఇన్నేండ్లు తోమలేదా?"

పెద్దసారు ముఖంలో బరువు దిగినట్టయింది. ఇంత చిన్న కోరికా అని అతను దాచుకోకుండానే నవ్వాడు. యోహాను కూడా నవ్వాడు, భార్య ఇన్నేళ్లకు ఒక జోకు వేసిందనుకుని. మర్నాడు మెస్సుకు వెళ్తే పొయ్యి దగ్గర ఆమె ఉంది. తొట్టి దగ్గర బూడిద, పీచు, ఎంగిలి ప్లేట్ల గుట్ట అతనికోసం ఉన్నాయి.

నాగులమ్మ వంట బాగుండేది. ఇంజనీర్లు రెండోసారి అడిగి పెట్టించుకునేవారు. ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. కొత్తగా చేరిన కుర్రాళ్లు యోహాను పేరు విని, తొట్టి దగ్గరకు వెళ్లి ఏదైనా చేసి చూపమనేవారు. అతను మసి చేతులతోనే లేచేవాడు. సిర్కాలో నానబెట్టిన గుడ్డు ఎగరేసి చూపించేవాడు. ఆమె వద్దనలేదు. అందరూ తిన్నాక ఆ గుడ్డునే ఉడికించి అతని పళ్లెంలో పెట్టేది. ఆ పూటకు అతని కూర అదే. పులుపుకు ముఖం చిట్లించుకుంటూ తినేవాడు. గుడ్డు మానేస్తే కూర పెడుతుందని అతనికి తెలుసు. అయినా మానలేదు.

ఆ ఏడు క్రిస్మస్‌కు చిట్యాల పక్కన యోహాను అన్న కాటమయ్య ఇంటికి వెళ్లారు. వాకిట్లో చాపల మీద చుట్టాలు, పిల్లలు, బగారన్నం. తాగిన కల్లు యోహాను మాటను ఇంకా గట్టి చేసింది.

"అరే, మీకెరుకలేదు. అమెరికాల నేను పెద్ద సైంటిస్టును. నా పేరు మీద లాబరేటరీ ఉన్నది. జాగా పోతే పోయింది, పేరు పోతదా? ప్రపంచమంత నన్ను సూస్తాంది."

నాగులమ్మ అన్నం కలుపుతూ తల ఎత్తకుండానే అంది.

"ఏం రాసిన్రో నేను చెప్పనా?"

"నీకేమెరుకే?"

"మా మెస్సుల ఒక మచ్చికైన కోతి ఉన్నది. గరిటె పట్టుకోను నేర్పినం. అరటిపండు అడగదు. మెచ్చుకుంటే సాలు." ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, కొనసాగించింది. "పైన పేరు కోతి ప్రయోగశాల. సైంటిస్టు అని ఏడ లేదు. నేను సామాను, నువ్వు కోతివి. బషీర్ సదివి చెప్పిండు. నమ్మకుంటే పోయి అడుగు."

 మొదట నవ్వింది కాటమయ్య భార్య బిక్షమ్మే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. తర్వాత పిల్లలు. ఒకడు లేచి చంకలు గోక్కుంటూ గెంతాడు. ఇక ఎవరూ ఆపుకోలేకపోయారు. యోహాను ఒక్కొక్కరి ముఖం చూశాడు. "గట్ల రాయలే. సార్ గట్ల రాయడు," అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. కొంచెంసేపటికి అతని నోరు కూడా తెరుచుకుంది, పళ్లు బయటికి వచ్చాయి, భుజాలు కదిలాయి. చప్పుడు మాత్రం రాలేదు. నాగులమ్మ ఇంకో గరిటెడు అన్నం పెట్టించుకుంది. ఆమె అంత తృప్తిగా తినడం తాను ఎన్నడూ చూడలేదని బిక్షమ్మ తర్వాత చాలామందితో చెప్పింది.

తొంభై తొమ్మిదిలో బషీర్ ఉద్యోగం వదిలి కోదాడలో నెట్ సెంటర్ పెట్టాడు. పెట్టిన కొద్ది రోజులకే యోహాను వచ్చాడు.

"నా పేజీ జర తెరువు బషీర్ భాయ్."

బషీర్ తెరిచాడు. ఫోటోలు పైనుంచి దిగుతుంటే యోహాను ఊపిరి బిగబట్టి చూశాడు.

"ఇందుల కోతి అని ఏడున్నది?"

బషీర్ వేలితో చూపించాడు. యోహాను ఆ అక్షరాల మీద తన వేలు కూడా పెట్టి చూశాడు. తెర అద్దం నున్నగా ఉంది.

"ఇంకెక్కడున్నది?"

అన్ని చోట్లా చూపించాడు. యోహాను తల ఊపాడు. తర్వాత పేజీ అడుగున ఉన్న అంకెలేమిటని అడిగాడు. ఇప్పటిదాకా ఎంతమంది చూశారో చెప్పేవి అవి. బషీర్ చదివాడు.

"గింత మందా!" అన్నాడు యోహాను. అతని ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడలేక తాను లేచి బయటికి వెళ్లానని బషీర్ నాతో అన్నాడు.

ఆ తర్వాత ప్రతి వారం వచ్చేవాడు. పక్క కుర్చీల్లోని కాలేజీ పిల్లలకు తన ఫోటో చూపించేవాడు. వాళ్లు ఇంగ్లీషు చదివి అతని ముఖం మీదే నవ్వేవారు. అతను వాళ్లతో కలిసి నవ్వేవాడు. భార్య తెల్లటి ముఖం వచ్చిన చోట కూడా నవ్వించేవాడు. అక్కడికొచ్చేసరికి బషీర్ సహనం నశించింది. ఒక వారం, "నీ పేజీ తీసేసిన్రు. ఇగ లేదు," అని అబద్ధం చెప్పాడు.

యోహాను నమ్మాడు. షాపు మెట్ల మీద కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చాడు. దారిన పోయేవాళ్లు ఎవరు పోయారని అడిగారు. దవాఖానలో భార్య కన్ను పోయిందని డాక్టరు చెప్పినప్పుడు అతని కంట్లో చుక్క నీరు లేదని జీపు డ్రైవరు చెప్పగా బషీర్ విన్నాడు.

కొన్నాళ్లకు నాగులమ్మ మెస్సు సామాన్ల కోసం కోదాడ వచ్చి షాపు దగ్గర ఆగింది. ఇంట్లో యోహాను సరిగ్గా తినడం లేదని, గిన్నెల ముందు కూర్చుని ఊరికే నీళ్లలోకి చూస్తున్నాడని చెప్పింది. బషీర్ మనసు ఆగలేదు.

"అక్కా, నేను అబద్ధం చెప్పిన. పేజీ ఉన్నది. అట్లనే ఉన్నది. పోయి చెప్పు, లేస్తడు మనిషి."

నాగులమ్మ చేతిలోని ఉల్లిగడ్డల సంచిని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"నువ్వు చెప్తవా?" అంది.

"నువ్వు చెప్పమంటే చెప్త."

"వద్దు," అని బస్టాండు వైపు నడిచింది.